స్వరూప అల్లిన చక్రం

అచ్చంపేటలో సైకిల్ దుకాణం నడిపే స్వరూప, తమ్ముడు పరమేష్ సైకిలుకు వెనుక చక్రం స్పోకులేసి కొత్తగా అల్లింది. తెల్లారితే వాడు ఘాట్ రోడ్డు మీద పందేనికి పోవాలె.

పాత సైకిళ్లకైతే బ్రేకు రబ్బరు రిమ్ముకు రాసుకుంటే వంకర ఇట్టే తెలిసేది. ఇది డిస్కు బ్రేకు. పట్టేది నడుమ హబ్బు దగ్గర, లాగుడంతా స్పోకుల మీద. రిమ్ము పక్కన చీపురు పుల్ల కట్టి వంకరైతే తీసింది గానీ, ఆ లాగుడుకు స్పోకులు ఆగుతయో లేదో ఏ పుల్ల చెప్తది?

పరమేష్ ఎక్కి జరంత తొక్కిండో లేదో, చక్రంల టింగుటింగుమని చప్పుడైంది. స్వరూప ఉరికి హ్యాండిలు పట్టి ఆపింది.

"దిగురా."

"కొత్త చక్రం గట్లనే సర్దుకుంటదని నువ్వే చెప్తివి గదక్కా."

"దిగుమన్న గదా."

ఒక్కో స్పోకు మీటి చూసింది. ఒక్కటీ వదులు కాలేదు. అయినా మనసొప్పలేదు. కొంగు నడుముకు చెక్కి తనే ఎక్కి, దుకాణం ముందరి దిగుడులో వదిలింది. సగంలో వెనుక బ్రేకు పిసికింది. చక్రం నిలబడ్డది.

పరమేష్ ఉరికొచ్చి, "ఇగ ఇయ్యక్కా" అన్నడు.

"జర ఆగు. నాకంటే నువ్వు బరువు. ముందల రాడ్డు మీద కూసో, ఇంకోసారి దిగుదాం."