గన్నేరుకు నీళ్ళు వద్దు

ముప్పై ఒక్క ఏళ్ళు నీళ్ళ ట్యాంకర్ తోలిన మనిషికి ఎండిన మట్టి కనిపిస్తే చేతులు ఊరుకుంటాయా? రిటైరై ఏడాది దాటినా వీధిలో అందరికీ ఆయన ట్యాంకరాయనే. పొద్దున్నే లేచి గేటు ముందు తడిపేవాడు, మెట్లు తడిపేవాడు, ఆరేసిన బట్టలు కూడా తడిపి భార్యచేత చీవాట్లు తినేవాడు.

అలాంటి మహానుభావుడికి గన్నేరు మొక్కను అప్పగించి, ఆ ఇల్లాలు కూతురి పురుడికి మూడు నెలలు వెళ్ళాల్సి వచ్చింది.

అది అల్లాటప్పా మొక్క కాదు. ఆవిడ అక్కగారింటి ముందు గులాబీ రంగు ముద్ద గన్నేరు కిటికీ దాటి ఎదిగి, నిండా పూసేది. అక్క పోయింది, ఇల్లు అమ్మేశారు, కొన్నవాళ్ళు దాన్ని మొదలంటా కొట్టేశారు. ఆ రోజు ఆవిడ పరుగున వెళ్ళి మూడు కొమ్మలు తెచ్చి పెరట్లో నాటింది. రెండు పోయాయి. మూడోది ఏడాదికి మోకాలెత్తు ఎదిగింది గానీ ఇంకా పూయలేదు. ఇదీ పోతే అక్క ఆనవాలు ఇక లేనట్టే.

"ఏమండీ, పది రోజులకో చెంబు. అంతే. మర్చిపోయినా ఫరవాలేదు, మీకు గుర్తుంటేనే నాకు భయం," అని ఆటో ఎక్కుతూ కూడా చెప్పింది.

"నీళ్ళ గురించి నాకు చెప్తావా?" అన్నాడాయన మీసం దువ్వుతూ.

మొదటి రోజు బుద్ధిగానే ఉన్నాడు. రెండో రోజు ఎండ చూసి జాలేసి ఒక చెంబు పోశాడు. ఆ తర్వాత రోజూ బకెట్టే. మూడు వారాలకు ఆకులు పసుపు తిరిగాయి. దాహమేస్తోంది పిచ్చితల్లికి అనుకుని సాయంత్రం ఇంకో బకెట్టు మొదలుపెట్టాడు. ఆకులు రాలసాగాయి. ఫోన్లో భార్య అడిగితే "బ్రహ్మాండంగా ఉంది" అనేశాడు గానీ, ఆ పూట ముద్ద దిగలేదు. మిగిలిన చిగురూ తల వాల్చేసరికి తనే ఫోన్ చేశాడు.

"తప్పయిపోయిందే. రోజూ పోశాను. చంపేశానేమో."

అవతల ఆవిడ ఏడుస్తున్న చంటిదాన్ని కూతురి చేతికిచ్చింది. తిట్టినా బావుండేది.

"చుట్టూ తవ్వి మెల్లగా పైకి తీయండి," అంది. "నల్లబడి మెత్తగా ఉన్న వేళ్ళు కత్తిరించేయండి. ఇసుక, ఇటుక ముక్కలు కలిపి దిబ్బలా పోసి, దాని మీద నాటండి. కోసినచోట కారే పాలు విషం, చేతులు సబ్బుతో కడుక్కోండి. ఇక దాని జోలికి పోకండి."

"ఇవన్నీ నీకెలా తెలుసే?"

"మీరు ఊరంతా నీళ్ళు పోస్తున్న రోజుల్లో, నీళ్ళు లేకుండా మన పెరట్లో ఏది బతుకుతుందా అని వెతుక్కున్నాను కదండీ."

దెప్పలేదు. మామూలుగానే అంది. ఆయనకే ఆ రోజులన్నీ గుర్తొచ్చాయి. రోజంతా వీధి వీధికీ తిరిగిన ట్యాంకరు ఇంటికొచ్చేసరికి ఖాళీ. ఇద్దరు పిల్లల్ని, వంటని, ఉతుకుల్ని ఆవిడ మూడు బిందెలతో నెట్టుకొచ్చింది. మనకేవీ నీళ్ళని ఆవిడ అడగలేదు. ఎలా సరిపెడుతున్నావని ఈయనా అడగలేదు, ఛీ!

చెప్పినవన్నీ చెప్పినట్టే చేశాడు. తెల్లటి వేళ్ళు నాలుగంటే నాలుగు మిగిలాయి. తన చేతుల మీద తనకే నమ్మకం లేక, పెరటి కుళాయి పిడి ఊడదీసి పక్కింటి టీచరమ్మకిచ్చాడు.

"కాళ్ళావేళ్ళా పడినా ఇవ్వకమ్మా."

"తాగుడు మానినట్టుంది బాబాయిగారూ మీ వాలకం!" అని ఆవిడ పగలబడి నవ్వింది. నాలుగో రోజే ఆయన వెళ్ళి అడిగాడు. ఆవిడ ఇవ్వలేదు.

ఇక చేసేదేముంది? ఎదురుగా స్టూలేసుకుని కూర్చునేవాడు. ఎండకు గడ్డి మాడింది, గోడ పెచ్చులూడింది. ఆ నాలుగు వేళ్ళ మొక్క మాత్రం కదల్లేదు. నెల తిరిగాక ఓ కణుపు దగ్గర సూదిమొనంత చిగురు కనిపించింది. "ఓసి నీ మొండితనం బంగారం గానూ!" అని రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు.

భార్య తిరిగొచ్చిన మధ్యాహ్నానికి కొసన ఒక్క పువ్వు విచ్చి ఉంది. సంచి గేటు దగ్గరే వదిలేసి పెరట్లోకి నడిచి, వంగి ఆ పువ్వును వేలితో తాకింది. "అక్కదే," అంది. కళ్ళు నిండిపోయాయి.

"ఇది గట్టిదే గానీ, నీ అంత కాదు," అన్నాడాయన. "అన్నేళ్ళు ఎలా నెట్టుకొచ్చావే? నాకు ఇన్నాళ్ళూ కళ్ళు కనబళ్ళేదు."

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుంది. "దానికి వద్దు గానీ, నాకు దాహంగా ఉంది. కాసిని మంచినీళ్ళిస్తారా?"

ట్యాంకరాయన లోపలికి పరిగెత్తాడు. చెంబు అంచుదాకా నింపి, దారంతా ఒలకబోసుకుంటూ తెచ్చాడు. ఆవిడ గుక్క తిప్పుకోకుండా తాగింది.

"ఇంకోటి తెమ్మంటావా?"

"తెండి," అంది ఆవిడ.