ఎనిమిది ముడులు

ఇంకా ముప్పై ఆరు గంటలు పడుతుందని చెబుతోంది తెర. సారిక దగ్గరున్నవి ఆరు గంటలు. మధ్యాహ్నం రెండింటికి లైను మరమ్మతు కోసం పేటంతా కరెంటు తీసేస్తామని నిన్ననే ఆటోలో మైకు పెట్టి చెప్పిపోయారు. పేటలో వాళ్ళంతా మగ్గాలు ఆపి ఓ కునుకు తీయొచ్చని సంబరపడ్డారు. సారిక మాత్రం గంటలు లెక్కపెట్టుకుంది.

మగ్గం గదిలో ఉన్న పాత కంప్యూటర్లో ఆమె మామ పెంటప్ప గీసిన రెండు వేల పైచిలుకు చద్దరు డిజైన్లున్నాయి. నలభై ఏళ్ళ కష్టం. మూడు రోజులుగా దాని హార్డ్ డిస్క్ టక్ టక్‌మని కొట్టుకుంటోంది. సోలాపూర్ కొంతం చౌక్‌లో కంప్యూటర్లు బాగుచేసే నిలేష్ నిన్న వచ్చి, చెవి ఆనించి విని, పెదవి విరిచాడు.

"ఇది తిరుగుతున్నంతసేపే తాయీ. ఒక్కసారి బంద్ అయిందంటే మళ్ల లేవది. నడుస్తుండంగనే అన్నీ ముందర్రల ఉన్న కొత్త కంప్యూటర్లకు కాపీ చేస్కో."

పెన్‌డ్రైవ్ పెడదామంటే పాతదాని పోర్టులు ఎప్పుడో కాలిపోయాయి. యూపీఎస్ బ్యాటరీ ఉబ్బి నెల దాటింది. ఇన్వర్టర్ ఎవరైనా ఇస్తారేమోనని పొద్దున్నే నాలుగిళ్ళు తిరిగింది. వాడలో దాన్ని కొనుక్కున్న ఒకే ఒక్క ఇల్లు పోయిన నెలే కుంభారి కాలనీకి మారిపోయింది, ఇన్వర్టర్‌తో సహా. అదృష్టం అంటే అలా ఉండాలి. భర్త హరీశ్ ఏడింటికే కారఖానాకు వెళ్ళిపోయాడు. ఇక మిగిలింది రెండు కంప్యూటర్లనూ కలిపే నీలిరంగు కేబులొక్కటే.

"జింకలొచ్చినయా?" మంచం మీద నుంచి పెంటప్ప అడిగాడు. పొద్దుటి నుంచి అది మూడోసారి.

"వస్తున్నయ్ మామా. లైన్ల ఉన్నయ్."

జింకలంటే ఆయన పెళ్ళయిన ఏడాది గీసిన డిజైను. వెనక్కి తిరిగి చూస్తున్న రెండు జింకలు, వాటి మధ్య ఒక పొద. ఆ జింక కన్ను తిప్పడానికే పదకొండు రోజులు పట్టిందని పేటలో చెప్పుకుంటారు. ఫైళ్ళకు నంబర్లే తప్ప పేర్లు లేవు గనక, వాటిని ఏరి ముందు పంపే వీల్లేదు. ఇప్పుడాయన కళ్ళను నీటికాసులు మింగేశాయి. ఎండలో రంగులు లీలగా ఆనుతాయి, అంతే. గీసినవన్నీ కంప్యూటర్లో భద్రంగా ఉన్నాయన్న ధైర్యంతోనే బతుకుతున్నాడు.

ఆ ధైర్యం చెప్పింది సారికే. ఆరేళ్ళ క్రితం గ్రాఫ్ కాగితాల కట్టకు చెదలు పట్టినప్పుడు, "కంప్యూటర్ల పెడ్తే చెదలు పట్టవు మామా" అని ఒక్కో కాగితం స్కాన్ చేసి, కట్టంతా పాతకాగితాలవాడికి వేసింది. ఆ రోజు పెంటప్ప గుమ్మం దాకా వచ్చి, ఏదో అనబోయి, కోడలు చదువుకున్న పిల్ల కదా అని ఊరుకున్నాడు.

సెకనుకు మూడు వందల కేబీ. నత్త కూడా నవ్విపోయే నడక. రెండు కంప్యూటర్లలోనూ నిలేష్ వేసిన లినక్సే ఉంది. నల్లతెర మీద కమాండ్లు కొట్టడం సారికకు బాగానే వచ్చు. ముందు డిస్కునే అనుమానించింది. పాతదాంట్లోనే ఒక పెద్ద స్కాన్ తెరిచి చూస్తే చిటికెలో తెరుచుకుంది. డిస్కు మూలుగుతోందే గానీ పని మానలేదు. తర్వాత గోడకున్న నెట్‌వర్క్ స్విచ్ పెట్టెలో కేబులును ఒక రంధ్రం నుంచి ఇంకో రంధ్రానికి మార్చింది. అదే మూడు వందలు. రెండు వేల ఫైళ్ళు ఒక్కొక్కటిగా పోతున్నాయి గనక ఆలస్యమేమోనని, నిలేష్ ఫోన్లో చెప్పినట్టు అన్నిటినీ ఒకే మూటగట్టి పంపి చూసింది. మూట కూడా అదే నత్త మీద ఊరేగింది.

పన్నెండున్నరకు మళ్ళీ నిలేష్‌కు ఫోన్ చేసింది. అతను చెప్పిన కమాండ్ కొడితే వేగం దగ్గర వంద ఉండాల్సిన చోట పది ఉంది. కింద తప్పుల లెక్క ఆగకుండా పెరుగుతోంది.

"అరే తాయీ, అది కంప్యూటర్ తప్పు కాదు. వైర్ తప్పు. ఎక్కడో దెబ్బ తిన్నది, చూడు."

కేబులు ముందుగదిలోంచి గోడ పైకెక్కి, పోయిన దీపావళి నుంచి ఆగిపోయిన మగ్గం వెనకగా వెళ్ళి, పాత కంప్యూటర్ దగ్గర దిగుతుంది. మగ్గం వెనక ఏళ్ళనాటి నూగు గోడకు దుప్పటిలా అంటుకుని ఉంది. సారిక స్టూలెక్కి, ముక్కుకు కొంగు కట్టుకుని, దులుపుకుంటూ, తుమ్ముకుంటూ, జానెడు జానెడు తడుముకుంటూ పోయింది. ఒంటిగంటన్నరకు ఆమె వేళ్ళకు ఒక ఉబ్బు తగిలింది. నూలుతో నున్నగా చుట్టి, గంజి పెట్టి ఆరబెట్టిన ఉబ్బు.

చుట్టు విప్పింది. లోపల ఎనిమిది తీగలు. ఒక్కోదాని తొక్క పంటితో కొరికి తీసి, రాగికి రాగి కలిపి, తెగిన పడుగు పోగును అతికినట్టే అతికి ఉన్నాయి. ఒకదానికొకటి తగలకుండా వేటికవే విడివిడిగా నూలు చుట్టుకుని, పక్కపక్కనే బుద్ధిగా పడుకున్నాయి. చిన్న, చదునైన, రెండువైపులా లాగితే మరింత బిగిసే ముడి. సోలాపూర్ మొత్తంలో అంత చిన్న ముడి వేసే చెయ్యి ఒక్కటే ఉంది.

కేబుల్లో ఆ తీగలు జంటలు జంటలుగా మెలివేసి ఉంటాయని, ఆ మెలికల్లోనే దాని వేగమంతా ఉందని పెంటప్పకు ఎవరు చెప్పారు? చిక్కుపడ్డ పోగులు కనబడితే విడదీసి వరసలో పెట్టడం ఆయనకు తెలిసిన విద్య. మెలికలన్నీ విప్పి, సాపు చేసి, చక్కగా చెడగొట్టాడు. పాత కంప్యూటర్ నుంచి ఏ చిన్న ఫైలో ఎప్పుడో పంపే సారికకు ఆ తేడా తెలియనే లేదు.

కోపం రాలేదామెకు. వస్తే బాగుండేది.

అప్పుడు తట్టింది, పొద్దున్నే తట్టాల్సిన మాట. కేబులెందుకు, కొత్త కంప్యూటర్నే ఇక్కడికి మోసుకొస్తే పోదా? మోడెంతో వచ్చిన చిన్న కేబులొకటి డబ్బాలో మూలుగుతోంది. ఒక్కతే ఆ పెట్టెను, తెరను మోసింది. మోకాలికి మగ్గం చెక్క కొట్టుకుంది. తీగలు పెట్టి, ఆన్ చేసి, రెండింటికీ చేత్తో అడ్రసులిచ్చేసరికి ఒంటిగంటా యాభై.

సెకనుకు పదకొండు ఎంబీ.

"మామా!" అని అరిచేసింది. ఫైళ్ళు వాన పడ్డట్టు పడుతున్నాయి. ఒకటి, ఐదు, పదిహేను, ముప్పై. పెంటప్ప గోడ పట్టుకుని నడిచొచ్చాడు. ఏమీ కనబడకపోయినా తెర వైపు ముఖం పెట్టి నిలబడ్డాడు. కోడలు నవ్వితే తనూ నవ్వాడు.

ఒంటిగంటా యాభై రెండుకు కరెంటు పోయింది. రెండింటికని చెప్పినవాళ్ళకు ఎనిమిది నిమిషాల ముందు ఏం తొందరొచ్చిందో. పాత కంప్యూటర్లో ఫ్యాను నెమ్మదిగా ఆగింది. టక్ టక్ కూడా ఆగింది.

ఐదింటికి కరెంటొచ్చాక బటన్ నొక్కింది. డిస్కు మూడుసార్లు కొట్టుకుని ఊరుకుంది. మళ్ళీ నొక్కితే అది కూడా లేదు. కొత్తదాంట్లో లెక్క చూసుకుంది: మూడు వందల ఎనభై ఒక్క డిజైన్లు. స్కాన్ చేసిన వరసలోనే కాపీ అయ్యాయి. కట్టలో పైనున్న కాగితాలే ముందు స్కాన్ చేసింది. పైనున్నవి చివరి ఏళ్ళవి. కళ్ళు పోతున్న రోజుల్లో గళ్ళు తప్పి గీసినవి. పువ్వు ఒకచోట, కాడ ఒకచోట. "ఇవెందుకు బిడ్డా, చింపెయ్" అని ఆయనే అన్నవి. దేవుడు ఉంచినవి సరిగ్గా అవే. అడుగునున్న జింకలు అడుగునే పోయాయి. గోడ నుంచి వేలాడుతున్న నీలి కేబులును ఒళ్ళోకి లాక్కుని సారిక నేల మీద చతికిలబడింది. ఏడుపు వినబడకుండా కొంగు నోట్లో కుక్కుకుంది.

పెంటప్ప వచ్చి పక్కన కూర్చున్నాడు. తడుముకునే చేతికి ఆమె ఒళ్ళో ఉన్న కేబులు తగిలింది. వేళ్ళు ఆ ముడుల మీద ఒక్కొక్కదానిపై ఆగుతూ నడిచాయి. ముఖం వెలిగింది.

"నా ముడే గదనే ఇది! ఎలుకలు కొరికినయ్. నువ్వు దుకాణం పోయినవ్. నీ పని ఆగద్దని నేనే అతికిన. చెప్తే కొట్లాడ్తవని చెప్పలే." అంతలోనే భయంభయంగా అడిగాడు. "ఊడిపోలే గదా?"

సారిక కొంగుతో ముఖం తుడుచుకుంది.

"లేదు మామా. ఒక్కటి గూడ ఊడలే."

"ఊడది మరి," అన్నాడు పెంటప్ప తృప్తిగా. "సరే గని, జింకలొచ్చినయా?"