పొయ్యి ఫోటోలు

ఆ కుటుంబానికంతటికీ ఫోటోలు దాచుకునే యాప్ పెట్టించింది ఓగ్నియన్. బల్గేరియాలోని రూసె ఊళ్ళో ఒక బస్సుల కంపెనీలో, ఏ బస్సు ఎప్పుడు కదలాలో చూసే ఉద్యోగం అతనిది. కంప్యూటర్లు చదువుకున్నవాడు కాదు. అయినా ఇంట్లో ఏ యంత్రం మొరాయించినా అతన్నే పిలుస్తారు. పిలవకుండా ఇంకెవరికైనా చూపిస్తే నొచ్చుకుంటాడు కూడా. భార్య జోర్నిత్స, ఆమె అన్న బోయన్, మామగారు స్తామెన్, అత్తగారు నెవెన, అందరి ఫోన్లనీ తనే ఒకే ఖాతాకి కలిపాడు. ఇక మీరు ఫోటో తీస్తే చాలు, మిగతాది అదే చూసుకుంటుందని అందరికీ భరోసా ఇచ్చాడు.

రెండేళ్ళు అలాగే నడిచింది. ఈ శరదృతువులో పాడైంది. యాప్ తెరిస్తే తెల్లగా ఒక్క మెరుపు మెరిసి మూసుకుపోయేది. ఫోన్లలోనూ అంతే, కంప్యూటర్లలోనూ అంతే. ఓగ్నియన్ తీసేసి మళ్ళీ ఎక్కించాడు, కొత్త వెర్షన్ తెచ్చి పెట్టాడు, అనవసరమైనవన్నీ తుడిచాడు. ఒకటి రెండు రోజులు పనిచేసి మళ్ళీ కూలబడేది. వార్నా నుంచి బోయన్ ఫోన్ చేసి, "బావా, నీ ఆల్బమ్ గుమ్మం ఎక్కగానే మొహాన తలుపేస్తోంది. దానికి కాస్త మర్యాద నేర్పకూడదూ?" అన్నాడు. ఓగ్నియన్ నవ్వాడు గానీ ఆ మాట రోజంతా లోపల గుచ్చుకుంటూనే ఉంది.

చివరికి యాప్ తయారుచేసిన వాళ్ళకి రాశాడు. జవాబు వచ్చింది. మీ ఖాతాలోకి ఏదో ఒక్క ఫోన్ నుంచి లెక్కలేనన్ని ఫోటోలు వచ్చి పడుతున్నాయి, వాటిని వరుసగా పేర్చలేక యాప్ ఆగిపోతోంది, అది ఎవరి ఫోనో చూసుకోండి అని. ఓగ్నియన్‌కి చూడక్కర్లేకుండానే తెలిసిపోయింది, లేదా తెలిసిపోయిందనుకున్నాడు. బోయన్ కొత్తగా ఖరీదైన ఫోన్ కొన్నాడు. పడవ ఫోటోలు, కుక్క ఫోటోలు, పడవలో కుక్క ఫోటోలు తీస్తూనే ఉంటాడు. డిసెంబరులో మామగారింట్లో జరిగే నికుల్‌డెన్ పండుగ భోజనానికి ఎలాగూ వస్తున్నాడు. ఆ రోజు అందరి ముందూ తేల్చేద్దామని, ముందుగా ఏదీ తెరిచి చూడకుండా ఆగాడు.

స్తామెన్ దాన్యూబ్ నది మీద ముప్ఫై ఏళ్ళు లాగుడు పడవలు నడిపినవాడు. ఏ వంపులో ఇసుక మేట వేసిందో, ఏ వంతెన కింద నీరు సుడి తిరుగుతుందో మ్యాపు చూడకుండా చెప్పేవాడు. నీటి మీద బతికినవాళ్ళ పండుగ కాబట్టి నికుల్‌డెన్ రోజున ఆ ఇంటి తలుపు మూయరు. ఆ మధ్యాహ్నం కూడా పాత స్నేహితుడు కాలిన్, నదిమీద పనిచేసిన మరో ఇద్దరు వచ్చి కూర్చున్నారు. అక్రోట్లు కూరి, పిండి చుట్టిన పెద్ద కార్ప్ చేప పొయ్యిలో ఉంది. అది కాలేలోపు మీకో వేడుక చూపిస్తానని ఓగ్నియన్ ల్యాప్‌టాప్‌ని టీవీకి తగిలించాడు. కంపెనీవాళ్ళ జవాబు గట్టిగా చదివి వినిపించాడు. "దొంగ ఈ గదిలోనే ఉన్నాడు," అంటూ బోయన్ వంక చూశాడు. బోయన్ రెండు చేతులూ పైకెత్తాడు. అంతా నవ్వారు.

యాప్ తెరుచుకోకపోయినా, కంపెనీ వెబ్‌సైట్‌లో ఖాతా మెల్లగా తెరుచుకుంది. ఏ ఫోన్ నుంచి ఎన్ని ఫోటోలు వచ్చాయో అక్కడ వరుసగా ఉంది. అన్నిటికన్నా పైన ఉన్న పేరు స్తామెన్‌ది.

ఓగ్నియన్ ఒక్క క్షణం తికమకపడ్డాడు. కానీ అందరూ టీవీ వంక చూస్తున్నారు, వేడుక మధ్యలో ఆపబుద్ధి కాలేదు. ఆ పేరు మీద నొక్కాడు. తెర నిండా పొయ్యి మీటలు. కరెంటు పొయ్యికి ఉండే నాలుగు తెల్ల మీటలు, దగ్గరగా తీసినవి. దాని పక్కన అవే, కింద అవే. ముసలాయన ఫోన్‌లో ఫోటో తీసే మీట నొక్కి వేలు తీయకపోవడం వల్ల ప్రతిసారీ ఒకటి బదులు ముప్ఫై నలభై ఫోటోలు పడ్డాయి.

"మామయ్యా," అన్నాడు ఓగ్నియన్, "అత్తయ్యకి తెలియకుండా ఈ పొయ్యితో ఎన్నాళ్ళ నుంచి నడుస్తోంది వ్యవహారం?"

గది గొల్లుమంది. కాలిన్ బల్ల మీద చరిచి, ఈ వయసులో వేడి తగలాలంటే ఇంకేం చేస్తాడని వంత పాడాడు. స్తామెన్ కూడా నవ్వాడు.

ఓగ్నియన్ ఇంకా కిందికి లాగాడు. తలుపు తాళం. మళ్ళీ తాళం. కట్టేసిన కుళాయి. అరచేతిలో మందుబిళ్ళలు, తర్వాత ఖాళీ అరచేయి. లిఫ్టులో అంతస్తుల మీటలు, వాటిలో ఒకదాని మీద ఆనించిన వేలు. ఆ తర్వాత వాళ్ళు ఉండే భవనమే, వీధిలో నుంచి తీసింది, ద్వారం మీది అంకె కనబడేలా. అదే ద్వారం ఎండలో, అదే ద్వారం వానలో. బజారు దగ్గర బస్సు ఆగే చోటు. మళ్ళీ ద్వారం.

నవ్వు ఒక్కసారిగా ఆగలేదు. ఒక్కొక్కరూ ఒక్కొక్క ఫోటో దగ్గర మానేశారు. చూపు సరిగా ఆనని కాలిన్ అందరికన్నా ఆఖరున, గదిలో ఇంకెవరూ నవ్వడం లేదని గ్రహించి మానేశాడు.

"తీసెయ్ అది," అంది నెవెన.

ఓగ్నియన్ కంగారులో తప్పుచోట నొక్కాడు. మందుబిళ్ళలున్న అరచేయి టీవీ అంతా పరుచుకుంది. జోర్నిత్స లేచి వైరు పీకేసింది.

చేప వచ్చింది. స్తామెన్ ఎప్పటిలాగే రొట్టె పైకెత్తి విరిచి అందరికీ పంచాడు. నది నీటిమట్టం గురించి ఎవరో మొదలుపెట్టారు, ఎవరో అందుకున్నారు. కాసేపటికి స్తామెన్ బల్ల అవతల నుంచి, పెద్దగా కాదు గానీ అందరికీ వినబడేలా అడిగాడు. "ఓగి, అందరికీ పాడైంది నా మూలంగానేనా? ముందే చెప్పి ఉంటే తీసేసేవాణ్ణి కదా, బాబూ."

"లేదు మామయ్యా. కంపెనీవాళ్ళ తప్పు," అన్నాడు ఓగ్నియన్. ఆ జవాబు గంట కిందటే తను గట్టిగా చదివి వినిపించాడు. బల్ల చుట్టూ ఉన్న ఎవరూ అతని వంక చూడలేదు. మర్యాద కొద్దీ చూడటం మానేశారు. అది అతనికి తెలిసింది.

కారులో తిరిగి వస్తూ, ఇల్లు దగ్గరపడ్డాక జోర్నిత్స అంది, "నువ్వు ఆపలేదు."

"నాకేం తెలుసు? అర్థం కాలేదు."

"తాళం ఫోటో వచ్చినప్పుడే అర్థమైంది నీకు. నేను నీ మొహమే చూస్తున్నాను. అర్థమయ్యాక కూడా లాగావు."

అతను కాదనలేదు. నిజమే. తాళం దగ్గర మనసులో ఏదో జారిపడింది. కానీ గది ఇంకా నవ్వుతోంది, ఆ నవ్వు తను తెచ్చింది, దాన్ని వదలబుద్ధి కాలేదు. ఎంతసేపటి మాట? రెండు గుక్కల ఊపిరి. 

మర్నాడు ఆఫీసులో కూర్చుని అతను ఇంకో పని చేశాడు. కళ్ళముందు నుంచి ఆ ఫోటోలు పోతే చాలనిపించింది. అవన్నీ ఖాతాలోంచి తుడిచేసి, స్తామెన్ ఫోన్‌ని దాన్నుంచి విడదీశాడు. సాయంత్రానికి యాప్ అందరి దగ్గరా చక్కగా తెరుచుకుంది. చివరికి సాధించావు బావా అని బోయన్ మెసేజ్ పెట్టాడు. 

ఆ వారంలోనే నెవెన ఫోన్ చేసింది. ఆమె కోపంగా లేదు, అదే అతనికి కష్టమైంది. "ఓగి, ఆయన ఫోన్లో ఫోటోలు కనబడటం లేదట. తనే ఏదో చెడగొట్టాననుకుంటున్నాడు. మళ్ళీ మీ అందరికీ పాడవుతుందని కొత్తవి తీయడం కూడా మానేశాడు. ఈ పొద్దున రొట్టెకని దిగాడు, పొయ్యి చూసుకోవడానికి వెనక్కొచ్చాడు, మళ్ళీ దిగాడు, మళ్ళీ వచ్చాడు. ఆఖరికి మెట్ల మీద కూర్చుండిపోయాడు. కిందింటావిడ తీసుకొచ్చింది." ఎండాకాలం నుంచీ ఆయన ఫోన్ పట్టుకుని వంటింట్లో నిలబడటం తను చూస్తూనే ఉన్నానని, అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని అడగలేదని చెప్పింది.

ఓగ్నియన్ సగం రోజు సెలవు పెట్టి వెళ్ళాడు. తలుపు తీసింది స్తామెనే. ఇంట్లో ఉండి కూడా కోటు వేసుకుని ఉన్నాడు. ఇద్దరూ వంటింట్లో కూర్చున్నారు. పొయ్యి వంక చూడకుండా ఉండాలని ఓగ్నియన్ కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

ఫోటోలు పోవడం మీ తప్పు కాదు, నేనే తుడిచాను అని ముందుగా చెప్పేశాడు. తుడిచినవి నెల రోజుల దాకా యాప్‌లోని చెత్తబుట్టలో ఉంటాయి, తిరిగి తేవచ్చు అన్నాడు. మామగారికి ఒక్కరికే వేరే ఖాతా పెట్టాడు. మీట ఎంతసేపు నొక్కినా ఒక్క ఫోటోనే పడేలా మార్చాడు. వీటిలో ఏవి ఉంచమంటారని అడిగితే, స్తామెన్ అన్నీ అన్నాడు. తర్వాత అడగకుండానే తనే చెప్పాడు. బస్సు ఎక్కబోయే ముందు అనుమానం వస్తుంది. పొయ్యి ఆపానా? ఫోన్ తీస్తే ఇవాళ్టి తేదీ ఉంటుంది, టైము ఉంటుంది, మీటలు కట్టేసి ఉంటాయి. అప్పుడు కాలు ముందుకు పడుతుంది. లేకపోతే పడదు.

"ద్వారం ఫోటో?" అని ఓగ్నియన్ అడిగాడు. అడిగాక నాలుక కరుచుకున్నాడు.

స్తామెన్ బల్ల మీది రొట్టె తునకలు వేలితో ఒకచోటికి చేర్చాడు. "ఈ వీధిలో ద్వారాలన్నీ ఒక్కలాగే కట్టారు," అన్నాడు.

ఓగ్నియన్ కారులో కూర్చుకుని వచ్చిన మాటలన్నీ పోయాయి. "మామయ్యా, ఆ రోజు నేను..." అని ఆగిపోయాడు.  

"నువ్వు నవ్వించినందుకు కాదులే," అన్నాడు స్తామెన్. "పడవ మీద అంతకన్నా మొరటు మాటలు అనుకున్నాం, పడ్డాం. వాళ్ళు నవ్వుతుంటే వాళ్ళతో పాటు నేనూ నవ్వాను చూడు, అది మింగుడుపడటం లేదు. అది చూసి మీ అత్తయ్య తల దించుకుంది."

 తిట్టి ఉంటే ఓగ్నియన్ క్షమాపణ చెప్పుకునేవాడు. ఆ మాటలో తనని తిట్టింది ఏమీ లేదు. ఫోన్ మామగారి వైపు జరిపి, డాక్టరు దగ్గరకి వెళ్దామా అన్నాడు. జోర్నిత్స, నెవెన ఇద్దరూ అడిగితే కాదన్న మనిషి, సరే, నువ్వు తీసుకెళ్ళు అన్నాడు. ఆడవాళ్ళు ఏడుస్తారు, నాకు చూడటం కష్టం అన్నాడు.

జనవరిలో వెళ్ళారు. డాక్టరమ్మ చిన్న వయసుది, నెమ్మదిగా మాట్లాడింది. గడియారం బొమ్మ గీయించింది, కొన్ని మాటలు చెప్పి కాసేపయ్యాక మళ్ళీ చెప్పించింది. స్తామెన్ కొన్ని చెప్పాడు, కొన్ని చెప్పలేకపోయాడు. చెప్పలేనప్పుడల్లా అతని చెయ్యి జేబులోని ఫోన్ మీదికి పోయేది, మళ్ళీ వెనక్కి వచ్చేది. ఈ పరీక్షలో అది తీయకూడదని ఎవరూ చెప్పకుండానే తెలుసుకున్నాడు. అలా చెయ్యి వెళ్ళినప్పుడల్లా ఓగ్నియన్ నేల వంక చూశాడు.

రాసుకుంటూ డాక్టరమ్మ, వెంట వచ్చిందెవరని అడిగింది. కొడుకా అంది.

"మా అల్లుడు," అన్నాడు స్తామెన్. "ఇంట్లో ఫోన్లూ కంప్యూటర్లూ అన్నీ ఇతనే బాగుచేస్తాడు."

ఆ మాటలో వెటకారం ఉందేమోనని ఓగ్నియన్ మామగారి ముఖంలోకి చూశాడు. ఏమీ లేదు. అందులో ఉన్నది గర్వమే. ఓగ్నియన్ మందుల చీటీ తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. మామగారికి కోటు తొడిగించి, ఆయన చెయ్యి పట్టుకున్నాడు. బయట మెట్లు గడ్డకట్టి జారుతున్నాయి. ఇద్దరూ ఒక్కో మెట్టూ చూసుకుంటూ దిగారు.