ఎనిమిదో వంతు

"పెంటకి కూడా కొలతలా, హయాత్?" అని వడ్రంగి హేదీ ముందే నవ్వాడు నా భర్త తౌఫీక్.

పద్నాలుగు రోజులు కొలిచాను మరి. మా పెరట్లో పన్నెండు కోళ్ళు. వాటి రెట్ట, తడిసిన గడ్డి కలిపి రోజుకి అర బకెట్టు. వంటింట్లోంచి నారింజ తొక్కలు, చిక్కుడు పొట్టు, మిగిలిన కుస్కుస్ మెతుకులు ఇంకో అర. కంపు రాకుండా పైన కప్పే ఎండుటాకులు ఒక బకెట్టు. వెరసి రోజుకి రెండు. పొడవూ వెడల్పూ ఎత్తూ మీటరున్న ఎరువు పెట్టె అయితే, అడుగున కుంగుతూ పోతుంది కనక మూడు నెలలు వస్తుంది. నిండింది మాగి ఎరువయ్యేదాకా వాడుకోవడానికి అలాంటిదే ఇంకొకటి కావాలి. మీటరు పెట్టెలు రెండన్నాను. ఈ లెక్కంతా చెప్పబోయేలోపే ఆయన, "సగం చాలు హేదీ. అన్ని వైపులా అర మీటరు పెట్టు. ఒక్కటే చెయ్యి" అనేశాడు. ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టారు కదా. హేదీ నా వైపు చూశాడు. నేను ఖాళీ కాఫీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాను. పన్నెండేళ్ళుగా అలాగే వెళ్ళిపోతున్నాను.

ఆరో రోజుకే పెట్టె నిండిపోయింది. ఆకులు కప్పడానికి చోటు లేదు. ఈగలు ముసిరాయి. పట్టనిదంతా రోజూ గుంట తవ్వి పూడ్చాను. నడుం పట్టేసింది. "ఆడది శుభ్రంగా ఉంటే ఇల్లెందుకు కంపు కొడుతుంది?" అంది అత్తగారు. "రోజంతా ఏం చేస్తుంటావసలు?" అన్నాడు తౌఫీక్, పొద్దున నేను ఏరుకొచ్చిన గుడ్లే తింటూ. ఏం చేస్తుంటానో చెప్పాలంటే ఆయన రోజంతా కూర్చుని వినాలి.

శుక్రవారం భోజనానికి తౌఫీక్ వాళ్ళ హెడ్మాస్టరు లమీన్ గారు, ఆయన భార్య నజీబా వచ్చారు. ద్రాక్ష పందిరి కింద వడ్డించాను. గాలి ఇటు తిరిగింది. లమీన్ గారు రుమాలు ముక్కుకి అడ్డం పెట్టుకున్నారు.

"పెట్టె నేనే లెక్కకట్టి చేయించాను సార్. వాడటం ఈవిడకి చేతకాదు" అన్నాడు తౌఫీక్. అందరూ నవ్వారు. "మీటరు పెట్టె కావాలంది. సగం చేయించాను. అదే ఎక్కువ."

గరిటె పళ్ళెంలో పెట్టేశాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

"సగం కాదండీ. పొడవు సగం, వెడల్పు సగం, ఎత్తు సగం. అంటే ఎనిమిదో వంతు. మీ క్లాసు పిల్లల్ని అడగండి."

ముందు నవ్వింది నజీబా. తర్వాత లమీన్ గారు, రుమాలు వెనకనుంచి. నా భర్త ముఖం కందగడ్డ అయింది.

వాళ్ళు వెళ్ళగానే గేటు వేసి వచ్చాడు. "వాళ్ళ ముందు నా పరువు తీస్తావా? రేపటికి ఈ కోళ్ళు ఇంట్లో ఉండవు!"

ఇలాంటి మాటకి ఎన్నిసార్లు ఏడ్చి కాళ్ళబేరానికి వచ్చానో. ఈసారి ఏడుపు రాలేదు. వెతికినా దొరకలేదు.

"కోళ్ళుంటాయి. ఇందాక వాళ్ళు కాఫీ తాగుతుండగానే హేదీకి కబురు పెట్టాను, రేపు పొద్దున్నే వస్తాడు. మీటరు పెట్టెలు రెండు. మీరు కారు నిలిపే రేకుల షెడ్డులో పెట్టిస్తున్నాను."

"మరి నా కారు ఎక్కడ పెట్టుకోవాలే?" అని అరిచాడు.

"అది మీరు లెక్కకట్టుకోండి" అన్నాను.