రేటు తగ్గించేది లేదు

ఒక వస్తువును అమ్మకుండా దాచుకోవాలంటే దాన్ని అమ్మకానికి పెట్టడమే మంచి దారి. ఈ ఉపాయం తట్టిన రోజున, తనంత తెలివైనవాడు ఆ వీధి మొత్తంలో లేడని కళ్లజోళ్లాయన మురిసిపోయాడు.

ఆయనకు కళ్లజోళ్ల షాపుంది, పైన ఇల్లుంది, ఇంట్లో కిటికీ పక్కన ఒక అద్దాల బీరువా ఉంది. బీరువాలో ఉన్న కెమెరాలు రెండే. వాటికి తగిలించే సరంజామా మాత్రం నాలుగు అరల నిండా ఉంది. లెన్సు ముందు బిగించే తొడుగులు, తోలు సంచుల్లో రంగురంగుల ఫిల్టర్లు, పాత ఫ్లాష్ గిన్నెలు, ఏ కెమెరాకు సరిపోతాయో ఆయనకే గుర్తులేని మూతలు. ముప్పై ఏళ్లుగా పోగేశాడు. వాళ్లావిడ వాటిని "మీ ఇనప సామాను" అనేది.

ఆవిడ ఇంట్లోనే బట్టలు బిగించీ వదులుచేసీ ఇచ్చే పని చేస్తుంది. కుట్టుమిషను వంటింటి మూల చీకట్లో ఉంది. కిటికీ వెలుతురంతా బీరువా అనుభవిస్తోంది. సూదిలో దారం ఎక్కించడానికి రోజూ తిప్పలు పడీ పడీ, ఒకరోజు ఆవిడ తెగేసి చెప్పింది. ఆ సామానంతా ఆన్‌లైన్లో పెట్టి అమ్మేయాలి, బీరువా తీసేయాలి, అక్కడ మిషను వేయాలి. ఆయన ఎదురు చెప్పలేదు. ఆవిడ తెగేసి చెప్పాక ఎదురు చెప్పడం ఆయన పెళ్లయిన రెండో ఏడే మానేశాడు.

చెప్పినట్టే చేశాడు కూడా. షాపులో ఫ్రేములు పెట్టి చూపించే ఆకుపచ్చ మఖమలు పళ్లెంలో ఒక్కో వస్తువునూ పెట్టి, ఫోటో తీసి, సైటులో ఎక్కించాడు. ఎటొచ్చీ రేట్ల దగ్గరే ఆయన తెలివంతా చూపించాడు. మూడొందలు చేసే తొడుగుకు ముప్పై వేలు పెట్టాడు. సొట్టపోయిన ఒక మూతకు పాత స్కూటరు ధర పెట్టాడు. నెలకోసారి ఆవిడ ఏమైనా పోయాయా అని అడిగేది. బేరాలు డల్లుగా ఉన్నాయని ఆయన మొహం వేలాడేసేవాడు. పాపం, ఆవిడే జాలిపడి టీ ఇచ్చేది.

అలా రెండేళ్లు గడిచాయి. ఈలోగా ఒక విచిత్రం జరిగింది. ఆయన రేట్లు చూసి, అలాంటి వస్తువులే అమ్ముకునే మిగతావాళ్లు కూడా తమ రేట్లు పెంచేశారు. వాళ్లు పెంచారు కదా అని ఆయన మరికొంత పెంచాడు. ఎవరూ కొనలేదు, ఎవరూ తగ్గించలేదు. ఎవరైనా బేరమాడితే ఆయన దగ్గర జవాబు తయారుగా ఉండేది. 'ఇది అరుదైన వస్తువు. రేటు తగ్గించేది లేదు.' రెండోసారి కూడా అడిగితే జవాబివ్వడు. రేటు పెంచేస్తాడు. దాంతో వాళ్లు తిట్టుకుంటూ పోతారు. ఆయనకు కావలసిందీ అదే.

వాటన్నిటిలో పైఅర వస్తువు ఒకటుంది. బొటనవేలంత నికెల్ డబ్బా. పాతకాలపు సెల్ఫ్ టైమర్. కెమెరా బటన్ మీద మర తిప్పినట్టు బిగించి, పక్కనున్న చెవిలాంటి మీట తిప్పి వదిలితే, పన్నెండు సెకన్లు గిర్రుమని తిరిగి, అదే బటన్ నొక్కుతుంది. ఫోటో తీసే మనిషి పరిగెత్తుకెళ్లి ఫోటోలో నిలబడవచ్చు. అది పట్టే పాత రకం కెమెరాకు వేరే టైమర్లు పట్టవు, ఇలాంటిది ఇంకొకటి అమ్మకానికి ఎక్కడా లేదు. దానికి డెబ్బై వేలు పెట్టాడు.

ఆ డబ్బా ఆయనది కాదు. ఆయన అక్కయ్యది.

అక్కయ్యకు స్టూడియో ఉండేది, ఇప్పటికీ ఉంది. తండ్రి పోయాక దాన్ని ఒంటిచేత్తో నడిపింది. తమ్ముణ్ణి పద్నాలుగో ఏట పనిలో పెట్టుకుంది. ఆ స్టూడియోలో ఒక పద్ధతి. ప్రతి ఫోటో వెనకా స్టూడియో ముద్ర, ముద్ర కింద 'తీసినవారు' అని, పక్కన బటన్ నొక్కినవాళ్ల పేరు. పెద్ద కెమెరా బటన్ మీద అక్కయ్య వేలు తప్ప ఇంకో వేలు పడకూడదు. తమ్ముడు ఎనిమిదేళ్లు చీకటిగదిలో కాగితాలు కడిగాడు, ఆరేశాడు, అంచులు కత్తిరించాడు. ఒక్కసారి నొక్కనివ్వమని అడిగితే, ఇంకా చెయ్యి కుదురుకోలేదనేది. ఇరవై రెండో ఏట కోపం వచ్చి, కళ్లజోళ్ల పనికి వెళ్లిపోయాడు. వెళ్తూ వెళ్తూ సొరుగులోంచి ఆ టైమర్ జేబులో వేసుకున్నాడు. కెమెరా ఎలాగూ ఇవ్వలేదు, కనీసం దాని చెవి అయినా నాది అనుకున్నాడు. ఇంటికొచ్చి, స్టూడియో వస్తువులకు అక్కయ్య పెట్టే గోళ్లరంగు ఎర్రచుక్కను గీకేశాడు.

అక్కయ్య వారం రోజులు సొరుగులన్నీ వెతికి ఊరుకుంది. ఆ తర్వాత అక్కయ్య ఏ ఫోటోలోనూ లేదు. ఇంకొకరి చేత నొక్కించుకోవచ్చు కదా అని ఎవరైనా అంటే, వాళ్లకు అక్కయ్య సంగతి తెలియదన్నమాట. తమ్ముడి పెళ్లికి మూడొందల ఫోటోలు తీసింది. ఆల్బమ్ తిరగేసిన పెళ్లికూతురి పిన్ని, ఆడపడుచు పెళ్లికి రాలేదా అని అడిగింది. ఆ మాట విన్నరోజే టైమర్ ఇచ్చేద్దామనుకున్నాడు. రేపిద్దాం, ఎల్లుండిద్దాం అనుకుంటూనే ముప్పై ఎనిమిదేళ్లు నెట్టుకొచ్చాడు. ఆలస్యమైనకొద్దీ ఇవ్వడం కష్టమైంది.

ఈమధ్య ఆ టైమర్ కోసం ఒకరు బేరానికి వచ్చారు. ఆ సైటులో డబ్బు కట్టేదాకా అమ్మేవాళ్ల పేరైనా కొనేవాళ్ల పేరైనా కనపడదు, ఒక అంకె కనపడుతుంది. 'పని మానేస్తున్నాను. నా పాత కెమెరాతో చివరిగా ఒక్క ఫోటో దిగాలని ఉంది. కొంచెం చూసి చెప్పండి' అని రాశారు. బేరమాడేవాళ్లందరికీ ఏదో ఒక కథ ఉంటుందని ఆయన నవ్వుకుని, అలవాటైన జవాబు పడేశాడు. రెండు రోజులాగి, పోనీ ఎంతకిస్తారో మీరే చెప్పండి అని మళ్లీ మెసేజి వచ్చింది. ఆయన కళ్లజోళ్లు తుడుచుకుంటూ తుడుచుకుంటూనే డెబ్బైని ఎనభై చేశాడు.

నాలుగో రోజు ఉదయం ఎనభై వేలూ వచ్చి పడ్డాయి.

ఫోను ముందు చూసింది ఆవిడే. ఇల్లెగిరిపోయేలా పిలిచి, అంకె రెండుసార్లు చదివించుకుని, ఇన్నాళ్లూ ఏమీ ఎందుకు అమ్ముడుపోలేదో అప్పుడర్థమై ఆయన్ని ఎగాదిగా చూసింది. కానీ సంతోషం కోపాన్ని మింగేసింది. కొలత టేపు తెచ్చి బీరువా వెడల్పు కొలవడం మొదలుపెట్టింది. అంత ధర పోసిన అమాయకుడెవరా అని ఆయన అడ్రసు తెరిచాడు.

స్టూడియో అడ్రసు. తన చేత్తో పద్నాలుగో ఏట నుంచీ కవర్ల మీద రాసిన అడ్రసు.

"ఏమండీ, ఏమైంది?" అంది ఆవిడ టేపు వదిలేసి.

ఆయన ఏమీ దాచలేదు. టైమర్ ఎత్తుకొచ్చింది, చుక్క గీకింది, చివరికి మొన్నటి పదివేల పెంపు కూడా చెప్పాడు.  ఆవిడ లేచి, బీరువా తాళంచెవి తెచ్చి ఆయన చేతిలో పెట్టింది. పోస్టులో పంపడానికి వీల్లేదని, కాళ్లున్నాయి కనక నడిచి వెళ్లమని చెప్పింది.

వెళ్లాడు. స్టూడియో ముందు బల్లలు బోర్లించి ఉన్నాయి. లోపల తెరలు చుట్టచుట్టి గోడకు ఆనించి ఉన్నాయి. అక్కయ్య నేలమీద పీట వేసుకుని పాత నెగెటివ్ కవర్లు వేరుచేస్తోంది. ఇల్లుగలవాళ్లు ఖాళీ చేయమన్నారట, నెలాఖరుకు మూసేస్తోందట. అంతా సర్దాక చెబుదామనుకుందట. చీకటిగదిలో ఫోటోలు పెద్దవి చేసే యంత్రం ఉండాల్సిన చోట నాలుగు కాళ్ల గుర్తులు మాత్రం ఉన్నాయి. అదేమైందని అడిగాడు. ఎవరో పిల్లలు కొనుక్కున్నారని, మంచి రేటే వచ్చిందని చెప్పింది.

ఆ మంచి రేటు ఎక్కడికి పోయిందో ఆయనకు తెలుసు. సిగ్గుతో నిలువునా కుంగిపోయాడు. జేబులోంచి డబ్బా తీసి అక్కయ్య ఒళ్లో పెట్టాడు.

"అక్కా, అది అమ్మింది నేనే" అన్నాడు.

"తెలుసురా."

అక్కయ్య కవర్లు పక్కకు జరిపింది.

"మొదట తెలియదు. నువ్వు రేటు పెంచాక తెలిసింది. అంత పెంచడానికి ఏముందా అని ఫోటో పెద్దది చేసి చూశా. నేను పెట్టిన చుక్క మరక పూర్తిగా పోలేదు. కింద నీ షాపు పళ్లెం. దాని మూల కాలిన మచ్చ."

"మరి నాకు ఫోన్ చేసి తిట్టొచ్చు కదా. డబ్బెందుకు కట్టావ్?"

అక్కయ్య డబ్బాను అరచేతిలో అటూ ఇటూ తిప్పింది. మీట సగం తిప్పి చెవి దగ్గర పెట్టుకుని విన్నది. నూనె వేస్తూనే ఉన్నావన్నమాట అంది. తర్వాత తల ఎత్తకుండానే చెప్పింది.

"ఇన్నేళ్లు ప్రాణంలా దాచుకున్నదాన్ని అమ్ముకుంటున్నావంటే ఏం కష్టం వచ్చిందో అనుకున్నా. అడిగితే నొచ్చుకుంటావ్. ఇస్తే తీసుకోవు. పైగా ఉన్నట్టుండి పదివేలు పెంచావు. ఇంకా అవసరం పడిందేమోనని భయమేసింది."

కళ్లజోళ్లాయన జోడు తీసి తుడుచుకున్నాడు. అద్దాలు శుభ్రంగానే ఉన్నాయి. తుడిచి పెట్టుకున్నా ఏమీ కనపడలేదు. అక్కడే కవర్ల మధ్య చతికిలబడి, ఏ కష్టమూ రాలేదని, కుట్టుమిషను గొడవ తప్ప ఏమీ లేదని, అమ్ముడుపోకూడదనే ఆ రేట్లు పెట్టానని, మొదటి నుంచీ చెప్పుకొచ్చాడు. మధ్యలో ఏడ్చాడు. అక్కయ్య మొత్తం విని, ముందు తెల్లబోయి, తర్వాత పడీ పడీ నవ్వింది. తన వస్తువు తనకే ఎనభై వేలకు అమ్మిన తమ్ముడు ఇంకెవరికీ ఉండడంది. సాయంత్రం లోపు డబ్బు వెనక్కి వేయకపోతే చెవి పట్టుకుని తెస్తానంది. ఆ యంత్రాన్ని వెనక్కి అడుగుదామని ఆయన అంటే ఒప్పుకోలేదు. ఆ పిల్లలు అప్పుడే రెండు ఫోటోలు చేసి పంపారట.

తర్వాత లేచి పెద్ద కెమెరా బయటికి తెచ్చింది. స్టూడియో గుమ్మానికి ఎదురుగా కాళ్లస్టాండు వేయించింది, రెండు కుర్చీలు వేయించింది, దూరం తానే కొలిచింది, వెలుతురు తానే చూసింది. టైమర్ తానే బిగించింది. బిగించి, వెళ్లి కుర్చీలో కూర్చుంది.

"నా మోకాళ్లతో పన్నెండు సెకన్లలో ఇక్కడి దాకా రాలేను. నువ్వే నొక్కు" అంది.

ఆయన టైమర్ మీట మీద చెయ్యి పెట్టాడు. అరవై ఏళ్ల మనిషి, పద్నాలుగేళ్ల వాడిలా అక్కయ్య వైపు ఒకసారి చూశాడు. తిప్పి వదిలాడు. అది గిర్రుమంది. పరిగెత్తి వచ్చి కూర్చోబోయేలోపే టక్కుమంది.

ఫిల్ము కడిగాక చూస్తే ఫోటోలో ఆయన సగం లేచీ సగం కూర్చునీ మసకమసకగా ఉన్నాడు. అక్కయ్య స్పష్టంగా ఉంది. కెమెరా వైపు చూడాల్సింది పోయి తమ్ముడి వైపు తిరిగి నవ్వుతోంది. ఎక్కడో ప్రింటు వేయించి, వెనక తన పద్ధతి ప్రకారం ముద్ర కొట్టి, రాయాల్సింది రాసి పంపింది.

ఆ వారమే ఆయన సైటులో రేట్లన్నీ అసలు ధరలకు దించేశాడు. పది రోజుల్లో మూడు అరలు ఖాళీ అయ్యాయి. ఒకాయన మాత్రం, మీరిలా తగ్గించేస్తే మేమేం కావాలండీ అని కోపంగా రాశాడు. బీరువా పోయింది, కిటికీ దగ్గరికి మిషను వచ్చింది. మిషను పైన గోడకు ఆయన ఆ ఫోటోకు రెండువైపులా అద్దమున్న ఫ్రేము కట్టి తగిలించాడు.

ఆవిడ దారం ఎక్కిస్తూ తలెత్తి చూసి, ఫోటోను వెనక్కి తిప్పి తగిలించారేంటండీ అని సరిగ్గా తిప్పింది. మర్నాడు మళ్లీ వెనక్కే ఉంది. మళ్లీ తిప్పింది. మూడో రోజు, ఈయనకు మతిపోయిందేమోనని దగ్గరికెళ్లి చూసింది. అద్దం వెనక పాతబడ్డ స్టూడియో ముద్ర, దాని కింద 'తీసినవారు' అని, పక్కన అక్కయ్య గుండ్రటి చేతిరాతలో 'మా తమ్ముడు' అని ఉంది. ఆవిడ ఫ్రేమును అలాగే వదిలేసి, వెళ్లి మిషను ముందు కూర్చుంది.