డబ్బా మరిచిన వంతు

హోళీ దాటినప్పటి నుంచి నరేందర్ తన అన్న కురుమయ్యతో మాట్లాడటం మానేశాడు. ఇటిక్యాల పక్క ఊళ్లో ఇద్దరికీ కలిపి ఒకటే బోరు. ఒకరోజు అన్న పొలానికి నీళ్లు, మర్నాడు తమ్ముడి పొలానికి. వాళ్ల నాన్న పెట్టిపోయిన ఆ వంతు ఇన్నేళ్లలో ఎన్నడూ తప్పలేదు. ఈ ఏడు తప్పింది. తమ్ముడి వరి పొట్ట మీదుండి కంకి తీయబోతుండగా, అతని వంతు నాడు నీళ్లు అన్న మడిలోకి పారాయి. ఒకసారైతే పొరపాటనుకోవచ్చు. మళ్లీ మళ్లీ జరిగింది.

అందరికన్నా ఎక్కువ కుమిలిపోయింది నరేందర్ కూతురు నవనీత. వంతులు చూసుకునే డబ్బాను బోరు దగ్గర బిగించింది ఆమే మరి. హైదరాబాద్‌లో మెమరీ చిప్పులు తయారుచేయించే చిన్న కంపెనీలో ఆమెకు ఉద్యోగం. కొత్త చిప్పును ఎండలో, దుమ్ములో పరీక్షించాలని ఆఫీసులో అనుకుంటుంటే, మా బోరుంది కదా అని గొప్పలు పోయి తీసుకొచ్చింది. పచ్చ లైటు వెలిగితే తమ్ముడి వంతు, ఎర్ర లైటు వెలిగితే అన్న వంతు. వాల్వును డబ్బాయే తిప్పుతుంది. తెల్లవారకముందే లేచి పొలానికి పరుగెత్తే బాధ ఇద్దరికీ తప్పిందని ఎంత సంబరపడిందో!

"పెద్దనాయిన అసుంటోడు కాదు నాయినా," అంది శనివారం ఊరికి రాగానే.

"మరి నీ డబ్బాకు చేతులు మొలిచినయా? ఎప్పుడు తప్పినా ఆయన దిక్కే పారబట్టె. నా దిక్కు ఒక్కసారన్న ఎక్కువ పారిందా?" అన్నాడు నరేందర్. "పంట కోసినంక నేను వేరే బోరేసుకుంట. కలిసుండుడు ఇగ చాలు."

నీళ్లు అటే ఎందుకు పారుతాయో నవనీతకు తెలుసు. డబ్బా వంతు మరిచిపోతే మళ్లీ మొదటి వంతు నుంచి మొదలుపెడుతుంది. ఆ మొదటి వంతు ఎవరిదని ప్రోగ్రాం రాసేటప్పుడు ఆలోచించనైనా ఆలోచించకుండా పెదనాన్న పేరు పెట్టింది. వాళ్ల ఇంట్లో విస్తరి వేసినా, ఏరువాకకు అరక కట్టినా పెద్దోడి తర్వాతే ఎవరైనా. డబ్బా అసలెందుకు మరిచిపోతోందన్నదే ఇప్పుడు తేలాలి.

రెండిళ్లలోనూ ఒక్కోటి ఉండే డబ్బా తాళంచెవుల్లో తమది తీసుకుని బోరు దగ్గరికి వెళ్లింది. కురుమయ్య వేపచెట్టు కింద కూర్చుని ఉన్నాడు. "వచ్చినవా బిడ్డా," అన్నాడే తప్ప తన తరఫున ఒక్క ముక్క చెప్పుకోలేదు. అది చూసి ఆమెకు మరింత బాధేసింది.

రేకు మూత ముట్టుకుంటే చెయ్యి చుర్రుమంది. లోపలి చిప్పుకు ల్యాప్‌టాప్ తగిలించి దాని గడియారాన్ని కొలిచింది. చిప్పులో జ్ఞాపకం కారే కుండలో నీళ్లలాంటిది. పూర్తిగా కారిపోకముందే మళ్లీ నింపుతుండాలి. కరెంటు పోయినప్పుడు, ఎప్పుడు నింపాలో చెప్పే గడియారం కూడా చిప్పులోనే ఉంటుంది. చిక్కల్లా ఏమిటంటే, ఒకే ఫ్యాక్టరీలో ఒకే రోజు పుట్టినా ఏ రెండు చిప్పుల గడియారాలూ ఒక్కతీరుగా నడవవు. ఒకటి ఉరుకుతుంది, ఒకటి కుంటుతుంది. అందుకే ఒక్కొక్కదాన్నీ సరైన గడియారంతో పోల్చి విడివిడిగా దిద్దాలి. నవనీత ఏసీ గదిలో కూర్చుని కొన్నింటిని కొలిచి, వచ్చిన సగటునే అన్నింటికీ పెట్టేసింది. పని తొందరగా తెమిలింది, పైవాళ్లు మెచ్చుకున్నారు కూడా. తీరా చూస్తే ఈ చిప్పుది పుట్టుకతోనే నత్తనడక. చల్లగా ఉంటే ఎలాగో నెట్టుకొస్తుంది. ఎండకు కుండ మరింత వేగంగా కారుతుంటే, నింపే వేళకు అందులో చుక్క మిగలడం లేదు.

కారణం దొరికింది. కానీ చెబితే నాన్న నమ్మాలి కదా? పెదనాన్నను వెనకేసుకొస్తున్నానంటాడు. అందుకని ఏమీ దిద్దకుండానే ఫోన్ చేసి ఆయన్ను రమ్మంది.

నరేందర్ వచ్చి అన్నకు ఎడంగా నిలబడ్డాడు. నవనీత వెలుగుతున్న పచ్చ లైటు చూపించి, కరెంటు ఆపి, డబ్బాకు తాళం వేసి చెవి ఆయన చేతిలోనే పెట్టింది.

"కరెంటు లేనప్పుడు ఇది చిన్న బ్యాటరీ మీద వంతును యాది పెట్టుకోవాలె. జర సేపు ఎవ్వలం అటు పోవద్దు."

ముగ్గురూ చెట్టు కింద కూర్చున్నారు. ఎండ మాత్రం రేకు డబ్బా మీద తన పని తాను చేసుకుపోయింది.

"ఇగ పోయి తియ్ నాయినా."

నరేందర్ తాళం తీసి కరెంటు వేశాడు. ఎర్ర లైటు వెలిగింది. తన చేతిలోని చెవినీ, ఆ లైటునూ మార్చి మార్చి చూశాడు.

"ఎవ్వలు ముట్టలే గదా," అన్నాడు.

"ముట్టలే. తప్పు నాదే. చిప్పులన్నీ ఒక్కతీరుగుంటయనుకున్న."

ఆ ఎండలోనే గడియారాన్ని మళ్లీ కొలిచి, దాని నడకకు తగ్గట్టు దిద్దింది. పచ్చ లైటు పెట్టి, కరెంటు ఆపి, మళ్లీ అంతసేపూ ఆగారు. ఈసారి నరేందర్ కరెంటు వేస్తే పచ్చదే వెలిగింది. ఆఫీసుకెళ్లి మిగతా చిప్పులన్నింటినీ ఒక్కొక్కటిగా దిద్దుకోక తప్పదనుకుంది నవనీత.

"మొదటి వంతు గూడ మారుస్త. ఎవరి పేరు పెట్టాలె?"

కురుమయ్య పక్కనున్న పార అందుకున్నాడు. "తమ్ముని పేరు పెట్టు బిడ్డా. మరిచినా వానికే పారనీ."

"వద్దు," అన్నాడు నరేందర్. ఇన్నాళ్లూ ఒక్క మాట అడగకుండా ముఖం తిప్పుకున్నందుకు సిగ్గుతో తల ఎత్తలేకపోయాడు. "అన్న దిక్కే ఉండనియ్. మళ్ల మరిస్తె నేనే పోయి అన్నను అడుగుత."

కురుమయ్య పార భుజాన వేసుకుని అప్పటికే తమ్ముడి మడి వైపు నడుస్తున్నాడు. "అడుగుదువు గని," అన్నాడు వెనక్కి తిరక్కుండానే, "ముందుగాల రారా, నీళ్లు నీ మడిలకు మళ్లేటట్టు మడవ కడదాం. వరి ఎండుతున్నది."