వీపుల వరస

గంధకం వాసన.

ముందు అదే వస్తుంది. మలుపు తిరగకముందే, సత్రం కప్పు కనబడకముందే. ఉడికిన కోడిగుడ్ల వాసన, తడిసిన కర్ర వాసన, రెండూ కలిసి. ఆ తరువాత ఆవిరి. కాలవలోంచి ఆవిరి. రాళ్ళ సందుల్లోంచి ఆవిరి. ఎర్రబారిన ఆకుల మధ్య నుంచి, ఎవరో కొండ లోపల పొయ్యి వెలిగించి మరిచిపోయినట్టు, ఆవిరి...

బస్సు దిగి మిత్సుయే గుండెల నిండా పీల్చుకుంది.

వచ్చేశాను, అనుకుంది. వచ్చానంటే దిగుతాను. నీళ్ళలోకి దిగే తీరుతాను.

ఏటా ఇంతే. వరికోతలు అయిపోయి ధాన్యం ఇల్లు చేరాక ముగ్గురు ఆడవాళ్ళు మూటాముల్లె సర్దుకుని ఈ కొండమీది వేడినీళ్ళ సత్రానికి వస్తారు. వారం ఉంటారు. సత్రం వంటింట్లో తామే వండుకుంటారు. తింటారు, మునుగుతారు, కునుకు తీస్తారు, మళ్ళీ మునుగుతారు. ఏడాది పొడుగునా బురదలో వంగిన నడుములు ఈ నీళ్ళలోనే తిన్నగా అవుతాయి.

మిత్సుయే, యాయెకో, చిసే.

ముగ్గురూ ఒకే ఊరికి కోడళ్ళుగా వచ్చినవాళ్ళు. ముగ్గురి అత్తలూ గయ్యాళులే. ఆ అత్తలు పోయారు, ఇద్దరి మొగుళ్ళు పోయారు. ఈ ముగ్గురూ మిగిలారు.

వేడినీళ్ళ తొట్టిలోకి దిగేముందు ఒళ్ళు శుభ్రంగా కడుక్కోవాలి. అది ఇక్కడ అందరి ధర్మం. ఈ ముగ్గురికీ మరో ధర్మం ఉంది. చిన్న చెక్కపీటలు వరసగా వేసుకుని, ఒకరి వెనక ఒకరు కూర్చుని, ముందున్నవాళ్ళ వీపు రుద్దడం. ముందు చిసే, మధ్యలో మిత్సుయే, వెనక యాయెకో. కాసేపయ్యాక యాయెకో "తిరగండే!" అంటుంది. ముగ్గురూ పీటల మీదే గిర్రున తిరుగుతారు. రుద్దించుకున్న చేతులు ఇప్పుడు రుద్దే చేతులవుతాయి.

ఆ వరసలోనే అన్ని మాటలూ. అత్తల మీద చాడీలు, కోడళ్ళ మీద చాడీలు, ధాన్యం ధర మీద శాపనార్థాలు. మొహాలు కనబడవు కదా. వీపుతో ఏదైనా చెప్పుకోవచ్చు.

ఒక్కటి తప్ప.

పోయినేడు మిత్సుయే రాలేదు.

సెందాయ్ పట్నంలో కూతురికి ఒంట్లో బాగాలేదని, మనవణ్ణి చూసుకోవాలని చెప్పింది. వెళ్ళింది సెందాయ్‌కే. కానీ కూతురింటికి కాదు, ఆస్పత్రికి. ఎడమ రొమ్ము తీసేశారు.

యాయెకోకి చెప్పలేకపోయింది. ఎలా చెబుతుంది? యాయెకో అక్క పోయింది ఈ జబ్బుతోనే. మూడేళ్ళు మంచంలో పెట్టుకుని చూసింది యాయెకో. అక్క పోయాక ఆ మనిషి నవ్వడమే మరిచిపోతే, చేయి పట్టుకుని ఈ సత్రానికి లాక్కొచ్చిందెవరు? మిత్సుయేనే. మళ్ళీ ఆ మాట తన నోటితోనే ఆమె చెవిలో వేయాలంటే నాలుక మడత పడింది. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ఏడాది గడిచింది.

అబద్ధం చెప్పడం తేలిక. మోయడమే బరువు.

సత్రం గుమ్మంలో యజమానురాలు చాప మీద మోకరిల్లి, నేలకు నొసలు తాకేలా వంగి పలకరించింది. మిగతా ఇద్దరూ మూటలతో మేడెక్కాక మిత్సుయేని పక్కకి పిలిచింది. రద్దీ లేని వేళలేవని మిత్సుయే ముందే ఫోన్ చేసి అడిగి ఉంది. ఆవిడ ఎందుకని అడగలేదు, ఊహించుకుంది. చేతిలో ఒక పలచని గుడ్డ పెట్టింది. ఒక భుజం మీంచి వేసుకుని రొమ్ము కప్పుకునే గుడ్డ. ఇలాంటి కోత పడ్డ ఆడవాళ్ళ కోసం కుట్టించి ఉంచింది.

"ఇది కట్టుకుని నీళ్ళలోకి దిగొచ్చండీ. ఎవరూ ఏమీ అనరు. నేను చూసుకుంటాను."

మంచి మనిషి. మిత్సుయే కళ్ళు చెమర్చాయి. వంగి దండం పెట్టి, గుడ్డ తీసుకుని, మూట అడుక్కి తోసేసింది.

కట్టుకుంటే మాత్రం ఏం లాభం? కట్టుకున్న మరుక్షణం చిసే అడుగుతుంది. చిసే నోట్లో నువ్వుగింజ నానదు. అయినా ఈ నీళ్ళలోకి ముప్ఫై ఏళ్ళుగా ఒట్టి ఒంటితో దిగింది. దిగితే అలాగే దిగాలి. పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకం మిత్సుయే, అత్త నోరే ఆమెను వంచలేకపోయింది.

అంత మొండి మనిషీ ఆ సాయంత్రం, జలుబు చేసిందని అబద్ధమాడి గదిలో ముడుచుకుని పడుకుంది.

కింద నుంచి నీళ్ళ చప్పుడు. చెక్క చెంబు నేలకు తగిలిన చప్పుడు. చిసే నవ్వు. ఇద్దరే రుద్దుకుంటున్నారు. వరస మధ్యలో ఒక పీట ఖాళీ... ఛీ, ఇదేం బతుకు అనిపించింది. తన మీద తనకే ఒళ్ళు మండింది.

తెల్లవారుతూ లేచింది.

ముందు ఒంటరిగా దిగుతాను. నీళ్ళకి నా ఒళ్ళు చూపిస్తాను. ఆ తరువాత మనుషుల సంగతి.

సత్రంలో స్నానాల గదులు రెండు. ఒకటి ఏటి వైపు, ఒకటి కొండ వైపు. ఏటి వైపుది అందం. అందుకని తగవు లేకుండా, తెల్లవారగానే గుమ్మాల తెరలు మార్చేస్తారు. ఎర్ర తెర ఆడవాళ్ళకి, నీలి తెర మగవాళ్ళకి. నిన్న ఆడవాళ్ళది, ఇవాళ మగవాళ్ళది. చిన్నపిల్లలకి కూడా తెలిసిన సంగతి. మిత్సుయేకి తెలియదా? తెలుసు. కానీ తల వంచుకుని, ఎవరి కంటా పడకూడదని గోడ వారగా నడిచే మనిషికి తెర రంగేం కనబడుతుంది?

ఏటి వైపు గదిలోకి పోయింది. బట్టలు విప్పి బుట్టలో పెట్టింది. చిన్న తుండు చేతబట్టుకుని తలుపు తోసింది.

ఆవిరి. తెల్లగా, దట్టంగా, పాలపొంగులా ఆవిరి...

ఆ ఆవిరిలో ఒక ముసలి తల.

బట్టతల.

మిత్సుయే నిలుచున్నచోటే నిలిచిపోయింది. చేయి మాత్రం తనంతట తానే కదిలింది.

ముసలాయన మెడ దాకా నీళ్ళలో ఉన్నాడు. చూశాడు. చూసి, తాపీగా కిటికీ వైపు తల తిప్పుకున్నాడు.

"తెర చూసుకోలేదా అమ్మా? తెల్లారితే మారుస్తారు గదా."

"అయ్యయ్యో... క్షమించండి, క్షమించండి..."

"ఏం ఫర్వాలేదులే. కళ్ళజోడు లేకపోతే నాకు ఆడమనిషీ ఆవూ ఒకటే." ఇంకా కిటికీలోకే చూస్తూ అన్నాడు. "నీళ్ళు మాత్రం ఇవాళ బ్రహ్మాండంగా ఉన్నాయి. పక్కగదిలో దిగు. మానకు."

బతుకు జీవుడా అని బట్టలు విప్పిన ముందుగదిలోకి వచ్చిపడి, తలుపు మూసి, వీపు ఆనించి నిలబడింది. అప్పుడు తన చేతిని చూసుకుంది.

ఉన్నది ఒకే తుండు. దాచుకోవలసినవి రెండు.

చేయి కిందకే పోయింది. అరవై ఏళ్ళ అలవాటున, ఏ ఆడదాని చేయైనా పోయే చోటికే పోయింది. రొమ్ము వైపు రాలేదు. కోత బాహాటంగా, తలుపు సందులోంచి పడే వెలుతురులో, చంక దాకా సాగిన గులాబీరంగు గీతలా ఉంది.

దాన్ని ఒకరు చూశారు. ఆకాశం విరిగి మీద పడలేదు.

మిత్సుయేకి నవ్వొచ్చింది. ఒంటరిగా, ఒట్టి ఒంటితో, మగాళ్ళ గదిలో నిలబడి నోరు నొక్కుకుని నవ్వింది. ఆస్పత్రి నుంచి వచ్చాక అలా నవ్వడం అదే మొదలు. తరువాత గబగబా బట్టలు వేసుకుంది, ఇంకెవరైనా వస్తే కొంప మునుగుతుందని.

పొద్దున అన్నం, మిసో చారు, ముల్లంగి ఊరగాయ.

ఊరగాయ యాయెకో తెచ్చింది. తింటూ చిసే అంది, "పోయినేడు నీ చేలో ముల్లంగి అంతా ఈ మహాతల్లే పీకింది తెలుసా? నువ్వు రాకపోతే మంచుకి పాడవుతుందని. కడిగి, చూరుకి వేలాడదీసి, నీ జాడీల్లో ఊరేసి, నీ వంటింట్లో పెట్టింది. నడుం పట్టేసి వారం రోజులు వంగే నడిచింది పాపం."

"నోర్ముయ్," అంది యాయెకో. "కూతురికి బాగాలేనప్పుడు ఎవరు మాత్రం ముల్లంగి గురించి ఆలోచిస్తారు? తిను, చల్లారిపోతుంది."

మిత్సుయే గిన్నె కింద పెట్టేసింది. ఆ జాడీల్లోదే చలికాలమంతా తిన్నది. పొరుగింటివాళ్ళెవరో పెట్టి ఉంటారనుకుందే గాని, అడగలేదు. అడిగితే కూతురి మాట వస్తుంది. కూతురి మాట వస్తే మరో అబద్ధం ఆడాలి.

కోతకి సిగ్గుపడుతున్నాననుకుంది ఇన్నాళ్ళూ. కాదు. సిగ్గు కోతకి కాదు.

చెప్పకపోతే ఈ మనిషి వెనక కూర్చునే అర్హత లేదు. చెబితే ఈ మనిషి దక్కుతుందో లేదో తెలియదు. అయినా చెప్పాలి. ఇవాళే. నోటితో రాదు గనక, ఒంటితోనే.

"స్నానానికి పదండి," అంది.

"జలుబో?" అంది చిసే.

"పోయింది."

కొండ వైపు గది. ఎర్ర తెర. ఈసారి తలెత్తి చూసి మరీ లోపలికి వెళ్ళింది.

వాళ్ళిద్దరినీ ముందు పంపింది. బట్టలు విప్పింది. తుండుని నాలుగు మడతలు పెట్టి నెత్తిన పెట్టుకుంది. నీళ్ళలో కూర్చున్నప్పుడు పెట్టుకున్నట్టు, ఇప్పుడే. రెండు చేతులూ ఖాళీ. రెండు చేతులూ పక్కన.

దిగుతాను.

తలుపు తోసింది.

ఆవిరి కదిలింది. పీటల మీద ఇద్దరూ తల తిప్పారు.

చిసే చేతిలోంచి చెంబు జారి డబడబ దొర్లింది. నువ్వుగింజ నానని ఆ నోట్లోంచి మాట రాలేదు. పైపు నుంచి నీళ్ళు ధారగా పడుతున్నాయి. ఆ చప్పుడొక్కటే.

"ఎప్పుడు?" అంది యాయెకో.

"పోయిన వరికోతలప్పుడు."

"సెందాయ్..."

"ఆస్పత్రికి. కూతురికేం లేదు. నాకే."

యాయెకో చూసింది. కోతని కాదు, మొహాన్ని. చాలాసేపు. తరువాత పీట మీద అటు తిరిగి కూర్చుంది. సబ్బు తీసుకుంది. తన చేయి తానే రుద్దుకోవడం మొదలుపెట్టింది. అదే చేయి, అదే చోట, మళ్ళీ మళ్ళీ.

"నొప్పిగా ఉందా?" అంది చిసే చిన్నగా.

"చలికి లాగుతుంది."

"అయితే ఈ నీళ్ళు మంచివే. మా పిన్నికి కూడా..." అని, యాయెకో వీపు చూసి ఆగిపోయింది.

మిత్సుయే తన పీట తీసుకుంది. చిసే వెనక తన చోటు. అక్కడ వేయలేదు. తడి రాళ్ళ మీద ఈడ్చుకుంటూ పోయి యాయెకో వెనక వేసింది. కూర్చుంది.

"ముట్టుకోకు," అంది యాయెకో.

మిత్సుయే తుండు తడిపి సబ్బు పట్టించింది.

"ముట్టుకోకన్నానా! నేనెవర్ని నీకు? నీ చేలో కూలిదాన్నా? నీ ముల్లంగి పీకడానికి పనికొచ్చాను, నీ మంచం పక్కన కూర్చోడానికి పనికిరాలేదా? ఒక్కదానివే వెళ్ళి కోయించుకొచ్చావా? ఒక్కదానివే?" గొంతు పైకి లేచి విరిగింది. "ఒకవేళ నువ్వు... నాకెవరు చెప్పేవాళ్ళే? నీ కూతురు ఫోన్ చేసి చెప్పేదా, నేను నీ జాడీలు కడుగుతుంటే?"

"తప్పయింది."

"మా అక్కని చూసుకున్నాను. నిన్ను చూసుకోలేనా?"

"చూసుకుంటావనే చెప్పలేదు."

ఆ మాటకి యాయెకో భుజాలు ఒక్కసారి బిగుసుకున్నాయి. ఆ తరువాత వణకడం మొదలుపెట్టాయి. ఏడుస్తోందో, కోపమో, వీపుని బట్టి తెలియదు. ముప్ఫై ఏళ్ళుగా చూసిన వీపే. నడుం దగ్గర పుట్టుమచ్చ. భుజం మీద గంప మోసిన కాయ. పోయినేటి కన్నా చిక్కింది. తాను లేని ఏడాది ఈ వీపుకీ గడిచింది.

మిత్సుయే తుండు ఆనించింది.

యాయెకో కదల్లేదు. వద్దననూ లేదు.

రుద్దింది. కుడిచేత్తో నడుం దగ్గర మొదలుపెట్టి మెల్లగా పైకి. నురగ కారుతోంది. చిసే ముక్కు ఎగబీలుస్తూ తన పీట తెచ్చి మిత్సుయే వెనక వేసుకుంది. ఆమె అరచేయి వెచ్చగా వీపున ఆనింది.

చిసే చెంబుతో నీళ్ళు పోసింది.

"ఒక చేత్తో రుద్దుతున్నావేం?" యాయెకో వెనక్కి తిరగకుండానే అంది. ముక్కు దిబ్బడేసిన గొంతు. "రెండో చేయి ఏమైంది?"

"సరిగా లేవదు. కోశాక పట్టేసింది. భుజం దాకా వస్తే గొప్ప."

"డాక్టరేమన్నాడు?"

"రోజూ లేపమన్నాడు. కొద్దికొద్దిగా."

"లేపుతున్నావా?"

మిత్సుయే తుండు పిండింది. ఒంటరిగా ఇంట్లో, ఎవరి కోసమని లేపుతుంది?

యాయెకో జుట్టంతా ముందుకు లాక్కుని తల వంచింది. మెడ తెల్లగా బయటపడింది.

"ఇక్కడ రుద్దు," అంది. "ఆ చేత్తో."

మిత్సుయే తుండుని ఎడమచేతికి మార్చుకుంది. నడుం దాటింది. వీపు మధ్యకి వచ్చింది. అక్కడ కోత పట్టి లాగింది, లోపల తాడేదో బిగిసినట్టు. పళ్ళు బిగించింది. ఇంకాస్త. చంక కింద నిప్పు. కంట్లో నీళ్ళు.

చేయి ఆగిపోయింది. మెడకింకా జానెడు దూరం.

"అందలేదు," అంది యాయెకో.

"తెలుసు."

"ఇంకా పైకి."

"వస్తున్నానే. ఉండు."